విజయా పరివారం: ఒక ఓషధి చరిత్ర

వేములవాడ క్షేత్రంలో శ్రీరాజరాజేశ్వరస్వామికి కుడివైపున రాజరాజేశ్వరీదేవి, ఎడమవైపున లక్ష్మీసహిత సిద్ధివినాయకుడు కొలువై ఉన్నారు. మూలవిరాట్టు ఒక్కడే అయినా సన్నిధి పరివారంతోనే పరిపూర్ణమవుతుంది. ఓషధుల విషయంలోనూ పూర్వులది ఇదే దృష్టి. ద్రవ్యంలోని ఏ ఒక్క అంశమో కాదు, రస గుణ వీర్య విపాక ప్రభావాల సముదాయమే దేహంలో పనిచేస్తుందని ఆయుర్వేద సిద్ధాంతం. శివనామంతో ముడిపెట్టి లోకం తరచు ప్రస్తావించే గంజాయి మొక్క చరిత్ర ఈ సిద్ధాంతానికి ఒక నిదర్శనం.

అథర్వవేదం ఏకాదశకాండలో, సోముడు శ్రేష్ఠుడుగా గల ఐదు ఓషధీరాజ్యాలను కీర్తించే చోట, దర్భ, యవలతో పాటు ‘భంగ’ అనే నామం వినబడుతుంది. వైద్యపరమైన స్పష్టత మధ్యయుగ గ్రంథాలలో లభిస్తుంది. శార్ఙ్గధరసంహిత భంగను, నల్లమందును ‘వ్యవాయి’ ద్రవ్యాలకు ఉదాహరణలుగా చూపింది. ముందుగా దేహమంతటా వ్యాపించి, ఆ పిమ్మట పాకం చెందేది వ్యవాయి. 16వ శతాబ్దపు భావప్రకాశం దీనిని తీక్ష్ణమనీ, ఉష్ణమనీ, పిత్తకరమనీ వర్ణించింది; జఠరాగ్నిని పెంచుతుందని చెబుతూనే మోహాన్నీ మదాన్నీ కూడ పెంచుతుందని హెచ్చరించింది.

అందుచేతనే వైద్యులు దీనిని శోధించనిదే వాడలేదు. ఆకును మూటకట్టి గోక్షీరంలో దోలాయంత్రవిధిగా ఉడికించడం, నీట కడిగి ఆరబెట్టడం, నేతిలో వేయించడం శోధనవిధులు. ఆ పిమ్మట కూడ ఏకాకిగా ఇవ్వక, జాతీఫలాది చూర్ణంలో వలె జాజికాయ, లవంగం, ఏలకులు మొదలైన ద్రవ్యాలతో కలిపి, గ్రహణి వంటి వ్యాధులకు మితమాత్రలో ప్రయోగించారు.

ఆధునిక విజ్ఞానం మొదట విభజనమార్గాన నడిచింది. 1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు గావోని, మెషూలం మత్తుకు మూలమైన టీహెచ్‌సీని శుద్ధరూపంలో వేరుచేశారు. రహస్యమంతా ఒక్క అణువులోనే ఉన్నదనిపించింది. 1992లో మెషూలం బృందం మానవదేహమే స్వయంగా తయారుచేసుకొనే ఒక సజాతీయ పదార్థాన్ని మెదడులో కనుగొని, సంస్కృత ‘ఆనంద’ శబ్దం నుండి దానికి ‘ఆనందమైడ్’ అని నామకరణం చేసింది. 1998లో మరొక విశేషం వెల్లడైంది. దేహంలోని అటువంటి వేరొక పదార్థం పక్కన, తమంతట తాము నిష్క్రియమైన కొన్ని సహచర పదార్థాలు ఉండి దాని శక్తిని పెంచుతున్నాయి. దీనినే ‘పరివార ప్రభావం’ అనవచ్చు.

ఈ భావాన్ని తరువాతి పరిశోధకులు మొక్కకూ అన్వయించారు. టీహెచ్‌సీ మెదడులోని సీబీ1 గ్రాహకాలను ప్రేరేపిస్తుంది. మత్తు కలిగించని సీబీడీ ఆ ప్రేరణను కొంత మార్చగలదని పరీక్షలు సూచించాయి. సుగంధమిచ్చే టర్పీన్లకూ పాత్ర ఉన్నదని 2011లో ఈథన్ రూసో ప్రతిపాదించాడు. అయితే తదుపరి ప్రయోగశాల పరీక్షలు కొన్నింటిలో టర్పీన్లు ఆ గ్రాహకాలపై టీహెచ్‌సీ చర్యను మార్చలేదు. కనుక ఈ వాదం ఇంకా పరీక్షాదశలోనే ఉన్నది. దీనిని శాస్త్రసమ్మతమైన అభయంగా భావించరాదు.

పరివారం తొలగి మూలశక్తి ఒక్కటే ఉద్ధృతమైతే ఏమవుతుందో మత్తువ్యాపారం చూపుతున్నది. అమెరికాలో పట్టుబడిన సరుకులో 1995లో సుమారు 4 శాతంగా ఉన్న టీహెచ్‌సీ 2014 నాటికి సుమారు 12 శాతానికి చేరగా, సీబీడీ క్షీణించింది. ఆదిలాబాద్ ప్రాంతంలో పత్తి, కంది చేల నడుమ రహస్యంగా ఈ మొక్కను పెంచిన ఉదంతాలు తరచు బయటపడుతున్నాయి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం అనుమతి లేని సాగుకు పదేళ్ల వరకు కఠిన కారాగారాన్ని విధిస్తుంది. అట్టి సాగుదారులకు రైతుబంధు నిలిపివేస్తామని 2021లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. అక్కడ శోధన లేదు, మాత్ర లేదు, వైద్యుడు లేడు. ఉన్నది మదం ఒక్కటే. దళారి ఆశకు లొంగిన పేద రైతు కారాగారం పాలవుతాడు, యువకుడు మోహంలో మునుగుతాడు.

‘శివప్రసాదం’ అనే మాటతో దీనిని సమర్థించుకొనేవారు గ్రంథాల సగభాగమే చదివినవారు. తైత్తిరీయోపనిషత్తు మనుష్యానందం మొదలుకొని బ్రహ్మానందం వరకు మెట్టు మెట్టుగా ఆనందమీమాంస చేసి, మనుష్యానందానికి పై ప్రతి మెట్టునూ కామహతుడు కాని శ్రోత్రియునికీ అందించింది. కోరికచేత దెబ్బతిన్న మనస్సుకు ఆ సోపానంపై చోటు లేదు. అణువుకు ఆనందమని పేరు పెట్టవచ్చు. దాని చేత కలిగేది మాత్రం మాత్ర తీరగానే తీరిపోతుంది. తీరనిదాన్ని వెదకేవాడే సాధకుడు.