కాలం చెల్లిన ఆపరేటింగ్ సిస్టమ్‌లు (రామగుండం – గోదావరిఖని పారిశ్రామిక ప్రాంతం)

తయారీ సంస్థ భద్రతా సవరణలు పంపడం మానేశాక కూడా కార్యాలయాల్లో, కర్మాగారాల్లో నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను కాలం చెల్లినదిగా పరిగణిస్తారు. వీటిలో బాగా పేరుపడ్డది విండోస్ ఎక్స్‌పీ. 2001 అక్టోబరు 25న విడుదలైన దీనికి మద్దతు ఎప్పుడు ముగిసిందన్న విషయంలో రాతలన్నీ ఒక్కలా లేవు. ఎక్కువమంది 2014 ఏప్రిల్ 8 అంటారు. బిల్లింగ్ యంత్రాల కోసం ఇచ్చిన ఎంబెడెడ్ రకానికి 2019 ఏప్రిల్ దాకా సవరణలు అందాయి కాబట్టి అదే అసలు ముగింపు అనేవారూ ఉన్నారు. గడువు దాటాక 2017 మేలోను, 2019 మేలోను మైక్రోసాఫ్ట్ ప్రత్యేక సవరణలు ఇవ్వడంతో ఈ గందరగోళం ఇంకా పెరిగింది. మామూలు ఆఫీసు కంప్యూటర్ల వరకు 2014నే ప్రమాణంగా తీసుకోవడం సబబు. విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ఆగింది.

పాత సిస్టమ్‌లు మిగిలిపోవడానికి నిర్లక్ష్యమో, డబ్బు లేకపోవడమో కారణమని సరిపెట్టడం పరిపాటి. అది పూర్తిగా అబద్ధం కాదు గానీ, సింగరేణి బొగ్గు గనులు, ఎన్టీపీసీ, ఎరువుల కర్మాగారం పక్కపక్కనే ఉన్న రామగుండం వంటి చోట ఆ వివరణ చాలదు. ఇక్కడ యంత్రం ఆయుష్షుకూ, సాఫ్ట్‌వేర్ ఆయుష్షుకూ పొంతన లేదు. 1971లో మొదలైన 62.5 మెగావాట్ల రామగుండం-బి విద్యుత్ కేంద్రం అర్ధ శతాబ్దం దాటి పనిచేసింది. ఇక్కడి ఎన్టీపీసీ కేంద్రంలో తొలి యూనిట్ 1983 నాటిది. ఎక్స్‌పీకి దక్కిన మద్దతు పన్నెండున్నర ఏళ్లే, అదీ సాఫ్ట్‌వేర్ లెక్కలో చాలా ఎక్కువ. కొత్తగా కట్టుకున్నా ఈ చిక్కు తప్పదు. 1999లో మూతపడిన పాత ఎరువుల కర్మాగారం స్థానంలో వచ్చిన కొత్త కర్మాగారం ఆర్ఎఫ్‌సీఎల్ 2021 మార్చిలో ఉత్పత్తి ప్రారంభించింది. ఆ నెలలో ఏ సంస్థ కొత్త పీసీ కొన్నా అందులో మామూలుగా వచ్చేది విండోస్ 10. దానికి మిగిలిన సాధారణ మద్దతు అప్పటికే ఐదేళ్లలోపు.

రెండో కారణం అనుమతులు, ముద్రలు. మీథేన్ చేరే అవకాశమున్న భూగర్భ గనిలో వాడే విద్యుత్ పరికరం మంట పుట్టించనిదని పరీక్షల్లో తేలాలి, గనుల భద్రతా సంచాలకాలయం ఆమోదం ఉండాలి. గాలిలో వాయువులను కొలిచే సెన్సర్లు, వాటి కేబుళ్లు, పైన కంప్యూటర్లో ఆ అంకెలు చూపే ప్రోగ్రాం సాధారణంగా ఒకే జతగా వస్తాయి. పైనున్న కంప్యూటర్‌కు ఆ పరీక్ష అక్కర్లేకపోయినా, కింది పరికరాన్ని కదపకుండా దాన్ని మార్చడం తేలిక కాదు. బొగ్గు లారీలను తూచే కాంటాల్లోనూ ఇదే తీరు. ఇండికేటర్‌ను తూనికలు కొలతల శాఖ నిర్ణీత గడువుల్లో పరీక్షించి ముద్ర వేస్తుంది. అది సీరియల్ పోర్టు ద్వారా కంప్యూటర్‌కు బరువు పంపుతుంది. ఆ పోర్టు గానీ, దాన్ని చదివే పాత ప్రోగ్రాం గానీ లేని కొత్త కంప్యూటర్ తెచ్చిపెడితే కాంటా ఉన్నా బిల్లు రాదు.

మూడోది తెలుగు రాత. పాత సిస్టమ్‌లపై వచ్చిన ఇంగ్లీషు వ్యాసాల్లో దీని ప్రస్తావన దాదాపు కనబడదు. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దక్కింది. ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు కూడా వచ్చింది. అయినా డీటీపీ సెంటర్లు చాలాకాలం పేజ్‌మేకర్ 7.0నూ అను ఫాంట్లనూ వదల్లేదు. ఆ ఫాంట్లు తెలుగు అక్షరాల ఆకారాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చినవి. అందుకే ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులే కనిపిస్తాయి. కన్వర్టర్లు ఉన్నా ఒత్తులు, గుణింతాల దగ్గర చేత్తో దిద్దక తప్పదు. ఏళ్ల తరబడి పేరుకున్న కరపత్రాలు, శుభలేఖలు, నోటీసుల ఫైళ్లున్న సెంటర్‌కు పాత కంప్యూటరంటే ఆ ఫైళ్లను చదవగలిగే సాధనం.

ఇన్ని కారణాలున్నా ప్రమాదం ప్రమాదమే కదా అన్నది మొదటి అభ్యంతరం. 2017 మే 12న బయటపడిన, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై పురుగు దాడిని ఇందుకు సాక్ష్యంగా చూపుతారు. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. సంఖ్యపై వార్తలు పొసగవు. విడిగా ఉన్న కొన్ని కంప్యూటర్లే దెబ్బతిన్నాయన్న నాటి డీజీపీ మాట, శాఖలో నాలుగో వంతు పోయాయన్న కథనం కన్నా నమ్మదగినదిగా తోస్తుంది. తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లు కొన్ని కూడా చిక్కుకున్నాయి. ఈ దాడికి ఎక్స్‌పీయే మూలమని ఇప్పటికీ రాస్తుంటారు. కానీ కాస్పర్‌స్కీ సంస్థ లెక్కలో సోకినవాటిలో దాదాపు 98 శాతం విండోస్ 7వి. అప్పటికి దానికి మద్దతు ఉంది, సవరణ కూడా ఆ ఏడాది మార్చిలోనే వచ్చింది. కాబట్టి వయసు ఒక్కటే కొలమానం కాదు. సవరణ వేశారా, నెట్‌వర్క్‌లో దేనికి తగిలించారు అన్నవే ముందు అడగాలి. కాలం చెల్లినదానికి సవరణే రాదు గనుక అక్కడ రెండో ప్రశ్నకు మరింత బరువు ఉంటుంది.

నెట్‌కు తగిలించకుండా ఉంచితే చాలు కదా అన్నది రెండో అభ్యంతరం. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ దీనికి జవాబు. కర్మాగారాల నియంత్రణ కంప్యూటర్లను వెతుక్కునే ఆ పురుగు యూఎస్‌బీ డ్రైవుల ద్వారా పాకింది. సిమాంటెక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ లెక్కల్లో ఇరాన్, ఇండోనేషియా తరువాత ఎక్కువగా సోకిన దేశం మనదే. విడిగా ఉంచడంతో పాటు పెన్‌డ్రైవు పెట్టే దారి మూయడం కూడా అవసరమని దీన్నిబట్టి తేలుతుంది. ఏటీఎంల విషయంలో రిజర్వు బ్యాంకు 2018 జూన్‌లో ఈ పద్ధతే పట్టింది. యూఎస్‌బీ పోర్టులు ఆపేయమని, పాత సిస్టమ్‌లను విడతలవారీగా 2019 జూన్ కల్లా పూర్తిగా మార్చమని బ్యాంకులకు గడువులు పెట్టింది. గనికి, విద్యుత్ కేంద్రానికి ఇదే గడువు అతకదు. ఏటీఎంను ఒక రాత్రి ఆపవచ్చు గానీ వాయువులను కొలిచే వ్యవస్థను ఆపలేరు. అలాంటి చోట చేయగలిగింది కొనుగోలు దశలోనే ఉంది. యంత్రం ఎన్నేళ్లు నడుస్తుందో అన్నేళ్లూ దాని సాఫ్ట్‌వేర్‌ను కొత్త సిస్టమ్‌పైకి మార్చి ఇచ్చే బాధ్యత సరఫరాదారుదేనని టెండరులో రాయాలి. ఆ షరతు లేకుండా కొన్న ప్రతి యంత్రంతోనూ కొన్నాళ్లకు మరో కాలం చెల్లిన కంప్యూటర్ తయారవుతుంది.