శంషాబాద్ చివర ఒక కనబడని అక్షరం

రాత్రి ఒంటిగంట నలభై. శంషాబాద్ విమానాశ్రయం బయట, లోపలికి వెళ్లే గేట్లకు కాస్త దూరంగా ఇద్దరం కూర్చున్నాం. తమ్ముడి ఒళ్లో ల్యాప్‌టాప్, మా పక్కన రెండు పేపర్ కప్పుల్లో చాయ్. ఎదురుగా ఒక కుటుంబం సూట్‌కేసు తెరిచి, బరువు సరిపోయేలా పచ్చళ్ల ప్యాకెట్లను ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి మారుస్తోంది. పుష్పక్ బస్సు వచ్చి ఆగింది. దిగినవాళ్లలో సగం మంది కళ్లు అప్పటికే ఎర్రగా ఉన్నాయి.

తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు. ఈ శంషాబాద్ పిల్లవాడే, ఎమ్మెస్ చదవడానికి డల్లాస్ వెళ్తున్నాడు. మూడేళ్లుగా నేను, వాడు, డల్లాస్‌లో ఉండే అక్క కలిసి తెలుగులో అక్షరదోషాలు పట్టే ప్రోగ్రాం రాస్తున్నాం. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ముగ్గురం ఒకే చోట కూర్చున్న రోజు ఒక్కటీ లేదు. ఎవరి మార్పులు వాళ్లు రాసి, గిట్ అనే పనిముట్టుతో కలుపుకుంటాం.

"లోపలికి పోయేముందు ఒక్కసారి పుల్ చేస్తా అన్నా" అని, మా మార్పులను దింపుకోవడానికి ఎంటర్ నొక్కాడు.

కాన్‌ఫ్లిక్ట్.

తెర మీద ఏడు బాణం గుర్తులు. వాటి కింద వాడు రాసిన మాట: శంషాబాద్. మధ్యలో ఏడు సమానం గుర్తులు. వాటి కింద అక్క రాసిన మాట: శంషాబాద్‌. ఆ తర్వాత మళ్లీ ఏడు బాణాలు, రెండోవైపు తిరిగి.

"గిదేందన్నా? రెండూ ఒక్కతీర్గనే ఉన్నయ్ గదా!"

మా పదాల పాత జాబితాలో ఆ మాట 'షంషాబాద్' అని తప్పుగా ఉండేది. వాడొకవైపు, అక్క ఒకవైపు అదే వరుసను దిద్దారు. ఇద్దరూ అచ్చంగా ఒకేలా దిద్ది ఉంటే గిట్ నోరెత్తేది కాదు. ఆగిందంటే తేడా ఉన్నట్టే.

"బైట్లు చూడు" అన్నాను.

చూశాడు. యూటీఎఫ్-8లో మన తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. శ, సున్న, ష, దీర్ఘం, బ, దీర్ఘం, ద, పొల్లు: మొత్తం ఎనిమిది. వాడి మాట 24 బైట్లు. అక్క మాట 27. చివర్లో ఇంకేదో ఉంది, కంటికి కనబడనిది.

దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు లేనిది, పక్క అక్షరాన్ని వచ్చి కలవనీయనిది అని అర్థం. తెలుగు టైపు చేసే చాలామందికి తెలియకుండానే ఇది వేళ్ల కింద తిరుగుతుంటుంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి గుర్తుందా? ఆ అక్షరం కోడ్‌లోనూ ఇది దాక్కునుంది. ఆపిల్ అదే నెలలో 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది.

"అయితే అక్కది ఎక్కడ్నించో కాపీ కొట్టినప్పుడు అంటుకొచ్చిందన్నట్టు. తీసేస్త, నాది ఉంచుత" అంటూ వేలు డిలీట్ మీద పెట్టాడు.

ఆ వేలు చూడగానే నా గుండె ఝల్లుమంది. గిట్‌లోకి రాకముందు మేము జిప్ ఫైళ్లు మెయిల్లో పంపుకునేవాళ్లం. 'ఫైనల్', 'కొత్త ఫైనల్', 'ఇదే ఫైనల్'. ఒక రాత్రి నేను నా కాపీని అక్క కాపీ మీద పెట్టేశాను. ఆమె రెండు వారాలు కూర్చుని రాసిన క్రియారూపాలన్నీ పోయాయి. అక్క ఒక్క మాట అనలేదు. మళ్లీ మొదటి నుంచి రాసుకుంది. ఆమె తిట్టి ఉంటే ఇంత కాలం గుర్తుండేది కాదేమో.

"ఆగు. ముందు అడుగుదాం."

డల్లాస్‌లో మధ్యాహ్నం మూడు దాటింది. రెండో రింగుకే అక్క ఎత్తింది.

"ఏంట్రా, ఇంకా లోపలికి వెళ్లలేదా?"

వాడు సంగతి చెప్పాడు.

"అది నేను కావాలనే ఉంచాను తమ్ముడూ. మన ప్రోగ్రాం మాటకి 'లో' చేర్చేటప్పుడు నేరుగా అతికించేస్తోంది కదా. ఆ అక్షరం లేకపోతే ద కింద ల వత్తు పడుతుంది. 'శంషాబాద్లో' అని వస్తుంది. 'శంషాబాద్‌లో' అని రావాలంటే అది ఉండాలి."

తమ్ముడు నా వైపు చూశాడు. వేలు డిలీట్ మీద నుంచి తీసేశాడు.

"మరి కమిట్ మెసేజ్‌ల రాయలేదేందక్కా?"

"రాయలేదు. 'పదాలు సరిచేశాను' అని వదిలేశాను. రాసి ఉండాల్సింది."

వాడి కమిట్, అంటే వాడు భద్రపరిచిన మార్పు, తెరిచి చూపించాను. అందులో ఉన్నది ఒకే మాట: 'స్పెల్లింగ్'. ఏం మార్చారన్నది గిట్ ఎలాగూ చూపిస్తుంది. ఏ వరుస ఎవరు, ఎప్పుడు రాశారో కూడా చెబుతుంది. ఎందుకు మార్చారన్నది మాత్రం మనిషే చెప్పాలి. తెర మీద ఒకేలా కనిపించే రెండు మాటల మధ్య ఒక మనిషి ఆలోచన ఉంది. దాన్ని చెత్త అనుకుని ఊడ్చేయబోయాం.

"సరే, ఇట్ల చేద్దాం" అన్నాడు వాడు. "జాబితాల మాట శుభ్రంగా ఉండనియ్యి. మాట పొల్లుతోని అయిపోయి, చేర్చేది హల్లుతోని మొదలైతే, ప్రోగ్రామే మధ్యల ఆ అక్షరం పెట్టాలె. అప్పుడు సికింద్రాబాద్‌కు, నిజామాబాద్‌కు కూడా పనికొస్తది."

"అదీ మాట!" అంది అక్క.

అంతలో వాడి అమ్మ వచ్చింది, భుజం మీద కొంగు సర్దుకుంటూ. "ఇగ ఆ డబ్బా మూయి బిడ్డా, టైమైతుంది."

వాడు మూశాడు. పని సగంలోనే ఉంది. ఫర్వాలేదు. క్లోన్ చేసుకున్న ప్రతివాడి దగ్గరా మొదటి రోజు నుంచి ఉన్న చరిత్ర మొత్తం ఉంటుంది. ఆకాశంలో నెట్ లేకపోయినా కమిట్ చేసుకోవచ్చు, దిగాక పుష్ చేసి మాకు పంపవచ్చు. 2005 మార్చిలో ఈ విమానాశ్రయానికి పునాదిరాయి పడింది. సరిగ్గా మరుసటి నెలలో, అప్పటిదాకా వాడిన బిట్‌కీపర్‌ను ఉచితంగా వాడుకునే వీలు పోయాక, లినక్స్ కెర్నల్ కోసం లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాయడం మొదలుపెట్టాడు. ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు ఎవరి దగ్గర వాళ్లు పనిచేసుకుని, తర్వాత కలుపుకోవడానికి పుట్టిన పనిముట్టు అది. ఈ గేటు ముందు నిలబడ్డ కుటుంబాలన్నీ నేర్చుకుంటున్నదీ అదే పని.

గేటు దగ్గర సీఐఎస్‌ఎఫ్ జవాను టికెట్టూ పాస్‌పోర్టూ చూసి వాడి ముఖం చూశాడు. వాడు ఒక్కసారి వెనక్కి తిరిగాడు. అద్దం అవతల వాడి నీలం బ్యాగు కనబడినంతసేపు అమ్మ చెయ్యి దించలేదు.

మర్నాడు తెల్లారేసరికి ఫోన్ మోగింది. డల్లాస్ నుంచి పుష్ వచ్చింది. తెరిచాను. మెసేజ్ ఈసారి తెలుగులో, నాలుగు వరుసలు:

"శంషాబాద్: మాట చివరి కనబడని అక్షరం తీశాను. 'లో', 'కి', 'నుంచి' చేరినప్పుడు అది కావాలి కాబట్టి చేర్చే చోట ప్రోగ్రామే పెడుతుంది. ఎందుకు కావాలో చెప్పింది అక్క. తీసేసే ముందు అడగమన్నది అన్న."

దాని పైన కమిట్ చేసిన సమయం ఉంది. పుష్ డల్లాస్ నుంచి వచ్చినా, గిట్ కమిట్ రాసిన గడియనే ఉన్నదున్నట్టు పెట్టింది: ఉదయం 6:10, ప్లస్ 0530. అప్పటికి వాడు సముద్రం మీదికి చేరి ఉంటాడు. ల్యాప్‌టాప్ గడియారం ఇంకా ఈ ఊరిదే.

ఫోన్ తీసుకెళ్లి వాళ్లమ్మకు ఆ అంకె చూపించాను.