సబ్బు అడిగిన మనిషి: బోయర్ యుద్ధంలో ఎమిలీ హాబ్‌హౌస్

1901 జనవరి 22న కేప్‌టౌన్‌లో రైలెక్కేనాటికి ఎమిలీ హాబ్‌హౌస్‌కి 40 ఏళ్లు. ఇంగ్లండులో కార్న్‌వాల్ ప్రాంతపు మతాధికారి కూతురు. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక తండ్రిని చూసుకుంటూ, 1895లో ఆయన కూడా పోయేదాకా ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఇలాంటి మనిషికి యుద్ధం గురించి ఏం తెలుస్తుందని అడగొచ్చు. ఆమెకు బాగా తెలిసింది ఇల్లు నడపడం. సైన్యం ఇళ్లమీదే యుద్ధం చేస్తున్న కాలంలో ఆ తెలివిడే పనికొచ్చింది.

డచ్చి సంతతి రైతులైన బోయర్లకి దక్షిణాఫ్రికాలో రెండు రిపబ్లిక్కులు ఉండేవి. 1899లో వాటికీ బ్రిటిష్ సామ్రాజ్యానికీ యుద్ధం మొదలైంది. 1900 నాటికి రెండు రాజధానులూ పడిపోయాయి, అయినా బోయర్లు గెరిల్లా పోరాటం ఆపలేదు. వాళ్లకు తిండీ ఆశ్రయమూ దొరక్కుండా చెయ్యాలని బ్రిటిష్ సైన్యం పొలాలూ ఇళ్లూ తగలబెట్టి, ఆడవాళ్లనీ పిల్లల్నీ గుడారాల శిబిరాల్లో పడేసింది. వాటికి అధికారికంగా పెట్టిన పేరు శరణార్థి శిబిరాలు! ఇల్లు కాల్చినవాడే శరణిచ్చాడన్నమాట.

స్త్రీల కోసం పోగుచేసిన సహాయనిధితో ఎమిలీ బయల్దేరినప్పుడు ఆమెకు తెలిసింది పోర్ట్ ఎలిజబెత్ శిబిరం ఒక్కటే. మిగతావాటి సంగతి కేప్‌టౌన్ చేరాకే తెలిసింది. సేనాధిపతి కిచెనర్ బ్లోమ్‌ఫాంటీన్ దాకా మాత్రమే అనుమతిచ్చాడు. అంతకుమించి ఉత్తరానికి వెళ్లడానికి వీల్లేదు.

ఆ ప్రయాణం గురించి ఆమె ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఫిరంగుల మోత లేదు. ముందు కరూ మైదానంలో ఎండ, దుమ్ము. ఆ తర్వాత కనుచూపుమేరా మనిషి అలికిడి లేని నేల, గుర్రాలవీ పశువులవీ కళేబరాలు, ఎండిన ఎముకలు. కాలిన ఇళ్లు కొన్ని. కాలకుండా మిగిలిన ఇళ్లలోనూ చప్పుడు లేదు, పొలాల్లో పని చేసేవాళ్లు లేరు. రైలుదారి పొడవునా ఆవలిస్తూ కాపలా కాస్తున్న సిపాయిలు రైలు ఆగగానే కిటికీల దగ్గరికి మూగి, పొద్దుపోవడానికి పాత పేపరైనా ఇమ్మని అడిగేవారు. యుద్ధమంటే ఇంత విసుగు కూడా అని వీరగాథలు మనకెప్పుడూ చెప్పవు.

బ్లోమ్‌ఫాంటీన్ శిబిరం ఊరికి రెండు మైళ్ల దూరంలో, చెట్టన్నది లేని కొండవాలు మీద ఉంది. అప్పటికే అందులో దాదాపు 2,000 మంది, వాళ్లలో 900 మందికి పైగా పిల్లలు. కేప్‌టౌన్‌లో పరిచయమైన ఒకావిడ చెల్లెల్ని వెతుక్కుంటూ ఎమిలీ ఒక గుడారంలోకి వెళ్లింది. లోపల ఊపిరాడని వేడి. ప్రతి వస్తువు మీదా నల్లగా ముసిరిన ఈగలు. కుర్చీ లేదు, బల్ల లేదు, వేసుకోవడానికి చోటూ లేదు. వంటసామాను పెట్టుకోవడానికి ఒక చెక్కపెట్టె. వాళ్లలా మాట్లాడుకుంటూ ఉండగా లోపలికి పాము వచ్చింది. అందరూ బయటికి పరిగెత్తితే ఎమిలీ తన ఎండగొడుగుతో దాని మీద పడింది. చివరికి ఒకతను సుత్తి తెచ్చి చంపాడు. ఈ ముక్క చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఆమె ఉత్తరాల్లో నవ్వొచ్చే చోట్లు ఎక్కువ లేవు.

ఆ తర్వాత ఆమె లెక్కలు మొదలుపెట్టింది. ఎనిమిదిమందికి రోజుకి ఎన్ని బకెట్ల నీళ్లు? టైఫాయిడ్ ఉన్న చోట నీళ్లు కాచుకోవాలి, మరి కట్టెలేవి? పసిపిల్లలకి పాలేవి? సబ్బు లేదని అడిగితే అది విలాస వస్తువన్నారు. వారాల తరబడి అడగ్గా అడగ్గా ఇచ్చింది ఒంటికీ బట్టలకీ చాలనంత కొద్ది. ఈ ప్రశ్నలు యుద్ధ నివేదికల్లో ఉండవు. నీళ్లు మోసి, పిల్లల గుడ్డలుతికినవాళ్లకి తోచే ప్రశ్నలివి.

ఆమె ఇతర శిబిరాలు చూసి తిరిగొచ్చేసరికి బ్లోమ్‌ఫాంటీన్‌లో జనం రెట్టింపయ్యారు. 1901 జూన్‌లో లండన్‌లో ఆమె నివేదిక వెలువడింది. ప్రభుత్వం మిలిసెంట్ ఫాసెట్ అధ్యక్షతన ఆరుగురు స్త్రీలతో సంఘం వేసింది, ఎమిలీని మాత్రం చేర్చుకోలేదు. అక్టోబరులో ఆమె మళ్లీ వెళితే కేప్‌టౌన్‌లో ఓడ దిగనివ్వకుండా, సైనిక చట్టం కింద బలవంతంగా మరో ఓడెక్కించి వెనక్కి పంపారు. ఆ నెలలో శిబిరాల మరణాల రేటు, ఏడాదికి లెక్కగడితే, వెయ్యికి 344.

ఫాసెట్ ఓటుహక్కు ఉద్యమ నాయకురాలు. ఆమె సంఘం గట్టి సంస్కరణలే సూచించింది, ప్రాణాలూ నిలిచాయి. అయితే పిల్లల చావులకి కారణాల్లో తల్లుల అపరిశుభ్రతనీ నాటువైద్యాన్నీ కూడా చేర్చింది. బ్లోమ్‌ఫాంటీన్‌లో చిక్కిశల్యమై చనిపోయిన లిజీ వాన్ జిల్ అనే పాప ఫోటోని కూడా ఇంగ్లండులో తల్లి నిర్లక్ష్యానికి రుజువుగా చూపారు. ఎమిలీ దాన్ని ఖండించాల్సి వచ్చింది. స్త్రీలు చూసినంత మాత్రాన అది స్త్రీల చూపు అయిపోతుందా? అనుమానమే.

ఎమిలీ చూపుకీ ఒక సరిహద్దు ఉంది. నల్లజాతివాళ్లకి వేరే శిబిరాలుండేవి. ఆమె వాటిలోకి వెళ్లలేదు. వాటి సంగతి ఎవరైనా చూడాలని నివేదికలో రాసింది. ఫాసెట్ సంఘమూ వాటిని పరిశీలించలేదు. బోయర్ శిబిరాల్లో చనిపోయినవాళ్లు దాదాపు 28,000, వాళ్లలో 22,000 మంది పిల్లలు. నల్లవాళ్ల శిబిరాల్లో కాగితాలకెక్కిన చావులే 14,000 పైన. అసలు సంఖ్య 20,000 దాటి ఉంటుందని చరిత్రకారుల అంచనా.

ఇదే యుద్ధంలో, నేటాల్‌లో, గాంధీ కూడగట్టిన అంబులెన్స్ దళంలో సుమారు 1,100 మంది భారతీయులు గాయపడ్డ సిపాయిల్ని మోశారు. ఎక్కువమంది గిరిమిట్ కూలీలు. మద్రాసు రేవు నుంచి నేటాల్ చేరిన కూలీల్లో మన తెలుగువాళ్లూ చాలామంది ఉన్నారు. యుద్ధభూమిలో అడుగుపెట్టిన రోజు వాళ్లకేమనిపించిందో ఇంటికి ఉత్తరం రాసే అక్షరం వాళ్ల చేతిలో లేదు. గాంధీ రాసిందే మనకు దక్కింది.

1913 డిసెంబరు 16న బ్లోమ్‌ఫాంటీన్‌లో బోయర్ స్త్రీల స్మారకాన్ని ఆవిష్కరించారు. చనిపోతున్న బిడ్డని ఒళ్లో పెట్టుకున్న తల్లి శిల్పం అక్కడుంది. స్ప్రింగ్‌ఫాంటీన్‌లో ఎమిలీ కళ్లారా చూసిన దృశ్యమది. జబ్బుచేసి ఆమె దారిలోనే ఆగిపోవడంతో ఆమె ప్రసంగాన్ని వేరొకరు చదివారు. తమది కాని తగాదాలో ఆ శిబిరాల్లో చనిపోయిన వేలాది నల్లవాళ్లని కూడా తలుచుకోవద్దా అని అందులో అడిగింది. 1926లో ఆమె చనిపోయాక చితాభస్మాన్ని ఆ స్మారకం అడుగునే ఉంచారు.