మిల్వాకీ కౌంటీ పెన్షన్ వివాదం

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న మిల్వాకీ కౌంటీ 2000 నవంబరులో తన ఉద్యోగుల పెన్షన్‌ను భారీగా పెంచింది. ఆ పెంపు ఖర్చు ఎంతో జనానికి తెలిశాక చెలరేగిన రాజకీయ, ఆర్థిక సంక్షోభమే మిల్వాకీ కౌంటీ పెన్షన్ వివాదం. 2002లో కౌంటీ ఎగ్జిక్యూటివ్ టామ్ అమెంట్ పదవి వదులుకున్నారు. అదే ఏడాది కౌంటీ బోర్డు అధ్యక్షురాలితో సహా ఏడుగురు సభ్యులను ఓటర్లు మధ్యలోనే పదవి నుంచి దించేశారు.

కౌంటీ ఉద్యోగుల పెన్షన్ నిధి 1937 నాటి రాష్ట్ర చట్టంతో ఏర్పడింది. దాని నిబంధనలను స్వయంగా మార్చుకునే అధికారం 1965లో కౌంటీకి దక్కింది. అప్పటినుంచి పెన్షన్‌లో ఏ మార్పు కావాలన్నా కౌంటీ బోర్డు ఆర్డినెన్సు చేస్తే సరిపోయేది. అక్కడ ఆర్డినెన్సు అంటే బోర్డు ఓటుతో అమలయ్యే స్థానిక శాసనం. ముసాయిదా ముందుగా స్థాయీ సంఘాలకు వెళ్లేది: ఉద్యోగుల ప్రయోజనాలను సిబ్బంది సంఘం, ఖర్చును ఆర్థిక సంఘం పరిశీలించేవి. పెన్షన్ మార్పుల భారం అంచనా వేయడానికి వేరుగా పెన్షన్ అధ్యయన సంఘం కూడా ఉండేది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లా పరిషత్తులకూ స్థాయీ సంఘాలు ఉన్నాయి గానీ, ఉద్యోగుల జీతం, పెన్షన్ నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వమే. మిల్వాకీలో అప్పట్లో పెన్షన్ మంజూరు చేసేదీ, ఆ డబ్బు కట్టాల్సిందీ స్థానిక సంస్థే. కాబట్టి సంఘాల పరిశీలనకు అక్కడ ఉన్న ప్రాముఖ్యం చాలా ఎక్కువ.

2000 నాటి మార్పులు అనేకం. కొత్త తరం ఉద్యోగులకు ఒక్కో సర్వీసు సంవత్సరానికి లెక్కగట్టే పెన్షన్ శాతం 1.5 నుంచి 2కు పెరిగింది. పెన్షన్‌కు అర్హత రావడానికి పదేళ్ల సర్వీసు ఉండాలన్న నిబంధన ఐదేళ్లకు తగ్గింది. పాతవారికి పెన్షన్ లెక్కకు తీసుకునే జీతంపై 25 శాతం దాకా అదనపు లాభం చేరింది. వీటన్నిటితోపాటు చేరిందే ‘బ్యాక్‌డ్రాప్’.

దీని ప్రకారం, రిటైరయ్యే అర్హత వచ్చాక కూడా కొలువులో కొనసాగిన ఉద్యోగి, చివరికి వెళ్లిపోయేటప్పుడు ‘నేను ఫలానా పాత తేదీనే రిటైరయ్యాను’ అని ఎంచుకోవచ్చు. ఆ తేదీ నుంచి రావలసి ఉన్న పెన్షనంతా వడ్డీతో కలిపి ఒకేసారి చేతికొస్తుంది. ఉదాహరణకు నెలకు 2,000 డాలర్ల పెన్షన్‌కు అర్హత వచ్చాక ఐదేళ్లు పనిచేసిన వ్యక్తికి 1,20,000 డాలర్లు, పైన వడ్డీ. ఆపై ప్రతి నెలా పాత తేదీ లెక్కన పెన్షన్ మామూలే. అంటే అదే ఐదేళ్లకు జీతమూ అందింది, పెన్షనూ అందింది. ఎక్కువ కాలం పనిచేసి పెద్ద నెలవారీ పెన్షన్ తీసుకోవడమే లాభమనిపిస్తే అదీ ఎంచుకోవచ్చు. ఇలా ఏది లాభమైతే అది ఎంచుకునే వీలు ఉద్యోగికి ఉన్నప్పుడు, నిధికి భారం పడకుండా ఉండదు.

అయినా ఇది పెద్ద ఖర్చు లేని ఏర్పాటుగానే బోర్డు ముందుకు వచ్చింది. అసలు వైఫల్యం ఇక్కడే ఉంది. ఉద్యోగులకు మంచి పెన్షన్ ఇవ్వాలనుకోవడం తప్పు కాదు. రాబోయే ముప్పై నలభై ఏళ్ల భారం ఎంతో తేల్చకుండా సంఘాల గడప దాటించడం క్షమించరానిది. పైగా ఓటేసిన సభ్యులూ, సంతకం చేసిన ఎగ్జిక్యూటివూ అదే నిధి నుంచి పెన్షన్ పొందేవారే. ప్రశ్నలు అడగవలసినవారే లబ్ధిదారులైనప్పుడు బయటివారి లెక్క మరింత అవసరం.

2001 చివర్లో బ్రూస్ మర్ఫీ అనే పాత్రికేయుడు తన వెబ్ పత్రికలో ఈ లెక్కలు బయటపెట్టారు. అమెంట్‌కే ఇరవై లక్షల డాలర్లకు పైగా ఒకేసారి అందే అవకాశం ఉందని తెలియడంతో జనం భగ్గుమన్నారు. విస్కాన్సిన్‌లో ఒక ప్రతినిధి నియోజకవర్గంలో గత గవర్నరు ఎన్నికలో పోలైన ఓట్లలో 25 శాతానికి సమానమైన సంతకాలు 60 రోజుల్లో సేకరిస్తే ఆ ప్రతినిధిపై రీకాల్ ఎన్నిక, అంటే పదవిలో ఉంచాలా దించాలా అని తేల్చే ఎన్నిక, జరుగుతుంది. సంతకాలు వెల్లువెత్తాయి. రీకాల్ ఎన్నిక రాకముందే, 2002 ఫిబ్రవరి నెలాఖరులో అమెంట్ తప్పుకున్నారు. ఆ పదవికి ఏప్రిల్ 30న జరిగిన ఎన్నికలో గెలిచిన స్కాట్ వాకర్ తర్వాతి కాలంలో రాష్ట్ర గవర్నరయ్యారు.

మనుషులు మారినా బాకీ మారలేదు. ఉద్యోగి అప్పటికే సంపాదించుకున్న పెన్షన్ ఒప్పంద హక్కు కాబట్టి వెనక్కి తీసుకోవడం కుదరదు. నిధికి లెక్కలు కట్టిన మెర్సర్ సంస్థ సరిగా హెచ్చరించలేదని కౌంటీ దావా వేసింది. 2009లో ఆ సంస్థ 4.5 కోట్ల డాలర్లు చెల్లించడంతో రాజీ కుదిరింది. అదే ఏడాది నిధి లోటు పూడ్చడానికి కౌంటీ సుమారు 40 కోట్ల డాలర్ల బాండ్లు జారీ చేసింది. పార్కులకూ బస్సులకూ వెళ్లాల్సిన డబ్బు పెన్షన్ బాకీకి మళ్లింది. ఇందులో మామూలు ఉద్యోగి చేసిన నేరమేమీ లేదు, కౌంటీ ఇస్తానన్నదే అతను తీసుకున్నాడు.

2 శాతం లెక్కను 2012 నుంచి చేసే సర్వీసుకు 1.6కు తగ్గిస్తూ కౌంటీ మరో ఆర్డినెన్సు చేసింది. రాబోయే సర్వీసు విషయంలో అలా తగ్గించే అధికారం కౌంటీకి ఉందని 2014లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అంతకుముందే, 2013లో రాష్ట్ర శాసనసభ కౌంటీ బోర్డు అధికారాలకే కత్తెర వేసింది. 2023 నాటి రాష్ట్ర చట్టం అమ్మకం పన్నును 0.4 శాతం పాయింట్ల మేర పెంచుకోవడానికి కౌంటీకి అనుమతిస్తూ, కొత్త ఉద్యోగులను రాష్ట్ర పెన్షన్ వ్యవస్థలో చేర్చాలని షరతు పెట్టింది. దాని ప్రకారం 2025 జనవరి నుంచి కౌంటీ నిధిలో కొత్త చేరికలు ఆగిపోయాయి. పాత సభ్యులకు చెల్లింపులు మాత్రం కొనసాగుతున్నాయి.