యుద్ధకాల అమెరికాలో వలస వ్యవసాయ కూలీలు – జాతివివక్ష: బ్రసేరో ఒప్పందం (1942–1945)

1. ఉపోద్ఘాతం

రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రవేశించిన తరువాత గ్రామీణ యువకులు సైన్యానికీ, ఆయుధ కర్మాగారాలకూ తరలిపోయారు. చక్కెర దుంప, పత్తి, కూరగాయల పంటలు చేతికి రావాలంటే బయటి కూలీలు తప్పరని పశ్చిమ రాష్ట్రాల భూస్వాములు ప్రభుత్వంపై ఒత్తిడి తెచ్చారు. ఫలితంగా 1942 ఆగస్టు 4న అమెరికా, మెక్సికో ప్రభుత్వాల మధ్య కూలీల సరఫరా ఒప్పందం కుదిరింది. స్పానిష్ భాషలో ‘బ్రాసో’ అంటే చేయి. ఒప్పందం కింద వచ్చినవారికి ‘బ్రసేరో’లన్న పేరు దాని నుంచే ఏర్పడింది. కాగితంపై రాసిన సమానత్వం ఎవరికి, ఎంతవరకు అందిందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. ఒప్పందంలోని రక్షణలు

1930ల ఆర్థికమాంద్యంలో లక్షలాది మెక్సికన్ సంతతివారిని అమెరికా నుంచి వెళ్లగొట్టారు. వారిలో అమెరికాలోనే పుట్టిన పౌరులూ ఉన్నారు. ఆ చేదు అనుభవం మరువని మెక్సికో గట్టి షరతులు పెట్టింది. గంటకు కనీసం 30 సెంట్ల కూలి, ఒప్పందకాలంలో 75 శాతం రోజులకు పని హామీ, రానుపోను ఖర్చులు, సైన్యంలో చేర్చుకోరాదన్న నిబంధన వాటిలో ముఖ్యమైనవి. 1941 నాటి 8802వ అధ్యక్ష ఉత్తర్వును అనుసరించి వివక్ష చూపరాదన్న నియమం కూడా చేరింది.

ఈ ఉత్తర్వు నల్లజాతి కార్మికోద్యమం సాధించుకున్నది. ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ వాషింగ్టన్‌కు ప్రదర్శన తీస్తానని హెచ్చరించడంతో రక్షణ పరిశ్రమలలో వివక్షను నిషేధిస్తూ రూజ్‌వెల్ట్ దానిని జారీచేశాడు. అయితే పొలంలో పనిచేసే నల్లజాతి కూలీకి దాని రక్షణ లేదు. 1935 నాటి కార్మిక సంబంధాల చట్టం, 1938 నాటి కనీసవేతన చట్టం కూడా వ్యవసాయ కూలీలను మినహాయించాయి. పైగా 1943 ఏప్రిల్‌లో వచ్చిన 45వ చట్టం ప్రకారం స్థానిక వ్యవసాయాధికారి అనుమతి లేకుండా స్వదేశీ కూలీని ఆ కౌంటీ దాటించడానికి ప్రభుత్వ నిధులు వాడరాదు. చౌక కూలీలు చేజారకుండా దక్షిణాది భూస్వాములు వేసుకున్న కట్టడి ఇది. ఆ విధంగా విదేశీ కూలీకి లభించిన లిఖిత హామీలు స్వదేశీ కూలీకి లేకపోయాయి.

3. టెక్సస్: ‘కాకేసియన్’ సమానత్వం

మొదట షరతులు నచ్చక దూరంగా ఉన్న టెక్సస్ భూస్వాములు 1943లో బ్రసేరోలను కోరారు. భోజనశాలల్లో, పాఠశాలల్లో మెక్సికన్ల పట్ల వివక్ష ఉన్నదని మెక్సికో నిరాకరించింది. దానిని ఒప్పించడానికి టెక్సస్ శాసనసభ 1943 మేలో ‘కాకేసియన్ జాతి తీర్మానం’ ఆమోదించింది. కాకేసియన్ జాతివారందరికీ బహిరంగ స్థలాలలో సమాన ప్రవేశం ఉండాలన్నది దాని సారం. గవర్నర్ కోక్ స్టీవెన్‌సన్ ‘సత్పొరుగు సంఘా’న్నీ ఏర్పాటుచేశాడు.

ఈ తీర్మానం జాతివిభజనను ప్రశ్నించలేదు. విభజనరేఖను కొద్దిగా జరిపి, మెక్సికన్లను శ్వేతజాతీయుల వైపు చేర్చి, నల్లజాతీయులను బయటే ఉంచింది. 1930 జనాభా లెక్కల్లో ‘మెక్సికన్’ వేరొక జాతి. 1940 లెక్కల్లో వారు శ్వేతజాతీయులు. జాతి అన్నది పుట్టుకతో స్థిరపడిన సత్యం కాదనీ, రాజ్యావసరాన్ని బట్టి మారే వర్గీకరణ అనీ ఇది స్పష్టం చేస్తుంది. మెక్సికన్లకైనా దక్కిన మేలు స్వల్పమే. ఈత కొలనులో ప్రవేశం నిరాకరించిన ఒక వివాదంలో ఆ తీర్మానానికి చట్టబలం లేదని 1944లో శాన్ ఆంటోనియో న్యాయస్థానం తేల్చింది. యుద్ధం ముగిసేవరకు మెక్సికో టెక్సస్‌కు వ్యవసాయ బ్రసేరోలను పంపలేదు.

4. డేటన్: కూలీల ఐక్యత

1942 నాటి 9066వ ఉత్తర్వు కింద సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివారిని నిర్బంధ శిబిరాలకు తరలించారు. కూలీల కొరత తీవ్రం కాగానే వారిలో వేలమందిని తాత్కాలిక సెలవుపై పొలాలకు పంపారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని డేటన్‌లో, బఠానీలను డబ్బాల్లో నింపే కర్మాగారంలో, వీరూ బ్రసేరోలూ పనిచేశారు. 1943 జులైలో ఒక శ్వేతజాతి మహిళ తనపై దాడి జరిగిందనీ, దాడిచేసినవాడు మెక్సికన్‌లా ఉన్నాడనీ చెప్పింది. వెంటనే అధికారులు మెక్సికన్, జపాన్ సంతతి పురుషులెవ్వరూ నివాసప్రాంతాల్లో అడుగుపెట్టరాదని ఆంక్ష విధించారు. రెండు శిబిరాలవారూ కలిసి పని మానివేశారు. కోతకాలంలో ఒక్కరోజు ఆలస్యమైనా బఠానీ చెడిపోతుంది. చర్చల అనంతరం ఆంక్ష రద్దయింది. దౌత్యం టెక్సస్‌లో సాధించలేనిదాన్ని ఇక్కడ సమ్మె సాధించింది.

5. ముగింపు

బ్రసేరోల హక్కులకు ఆధారం రెండు ప్రభుత్వాల అవసరం. అవసరం సన్నగిల్లిన చోట హామీలూ సన్నగిల్లాయి. పొదుపు పేరిట కూలీలో కోసి మెక్సికో బ్యాంకుకు పంపిన 10 శాతం సొమ్ము చాలామందికి తిరిగి అందలేదు. యుద్ధకాలపు తాత్కాలిక ఏర్పాటుగా మొదలైన ఈ విధానం 1964 వరకు కొనసాగింది. నిరంకుశ జాతివాదంపై యుద్ధం ప్రకటించిన దేశం తన పొలాల్లో కూలీలను జాతివారీగా శ్రేణీకరించింది. ఆ శ్రేణులను దాటి కూలీలు చేతులు కలిపిన డేటన్ వంటి ఘటనలను ప్రభుత్వ ఒప్పందాలతో సమానంగా అధ్యయనం చేసినప్పుడే ఈ చరిత్ర సమగ్రమవుతుంది.