పెద్ద ఇంజనా? ఊదుడు గాలా?

స్పోర్ట్స్ కారు ఇంజన్‌కు బలం పెంచే దారుల్లో రెండు ఇవి. సిలిండర్లు పెద్దవి చేసి, క్యామ్‌షాఫ్ట్ మార్చి, వేగంగా తిప్పి, దానంతట అదే ఎక్కువ గాలి పీల్చుకునేలా చేయడం ఒకటి. ఇంజన్ నడిపే పంపుతో గాలిని సిలిండర్లలోకి కుక్కడం రెండోది. ఆ పంపే సూపర్‌చార్జర్. ఏది మేలన్న తగవు నూరేళ్లుగా నడుస్తోంది.

పంపు మాత్రం కారు కంటే పాతది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో రూట్స్ సోదరులు 1860లోనే దానికి పేటెంట్ పొందారు. కొలిమిలోకి గాలి ఊదేందుకు వాడిన యంత్రమది. 1921లో మెర్సిడెస్ సూపర్‌చార్జర్ కార్లను బెర్లిన్ ప్రదర్శనలో పెట్టింది. 1923లో మోంజాలో ఫియట్ గెలవడంతో ఈ పంపు తొలిసారి గ్రాండ్ ప్రీ నెగ్గింది.

అసలు పోట్లాట బెంట్లీ ఇంట్లో మొదలైంది. బలం కావాలంటే ఇంజన్‌నే పెద్దది చేయాలన్నది కంపెనీ స్థాపకుడు డబ్ల్యు.ఓ. బెంట్లీ పట్టుదల. పంపు ఆయనకు గిట్టేది కాదు. రేసర్ టిమ్ బిర్కిన్ ఒప్పుకోలేదు. ధనికురాలు డొరొతీ పాజెట్ డబ్బుతో, ఇంజనీర్ ఆమ్‌హెర్స్ట్ విలియర్స్ రూపొందించిన సూపర్‌చార్జర్‌ను నాలుగున్నర లీటర్ల ఇంజన్ ముందు, రేడియేటర్‌కు కూడా ముందే బిగించాడు. 110 హార్స్‌పవర్ ఇంజన్ రోడ్డు కారులోనే 175కు చేరింది. కాగితం మీద గెలుపు బిర్కిన్‌దే. కానీ 1930 లె మాన్ పందెంలో ఆ కార్లు మధ్యలోనే ఆగిపోయాయి. పంపు లేని ఆరున్నర లీటర్ల బెంట్లీ స్పీడ్ సిక్స్‌లు మొదటి రెండు స్థానాలూ ఎగరేసుకుపోయాయి. ఇరవై నాలుగు గంటల పందెంలో నిలిచి ఉండడమే సగం వేగం మరి.

తర్వాతి కాలంలో ఇదే తగవును ఫార్ములా వన్ నిబంధనల్లోనే రాసిపెట్టారు: సూపర్‌చార్జర్ ఉంటే ఒకటిన్నర లీటరు, లేకపోతే నాలుగున్నర. ఆల్ఫా రోమియో మొదటిది ఎంచుకుంది; 1950 టైటిల్ ఆ కారు నడిపినవాడికే దక్కింది. ఫెరారీ కూడా మొదట అదే దారి పట్టి, ఇంజనీర్ లాంప్రెడీ మాట విని పెద్ద ఇంజన్ వైపు మళ్లింది. 1951 జులై 14న సిల్వర్‌స్టోన్‌లో ఫలితం తేలింది. మెథనాల్ తాగే ఆల్ఫా లీటరుకు కిలోమీటరు కూడా ఇచ్చేది కాదు; దాన్ని నడిపిన ఫాంజియో ఇంధనానికి రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. ఫెరారీలో గొంజాలెజ్ ఒక్కసారి ఆగాడు. అప్పటికే కారు చెడిపోయి పక్కన నిల్చున్న జట్టు నాయకుడు అస్కారీకి సీటు ఇవ్వబోయాడు. నువ్వే పోనివ్వు అన్నాడు అస్కారీ. గొంజాలెజ్ గెలిచాడు. అయినా ఆ ఏడాది టైటిల్ ఫాంజియోదే, అంటే పంపుదే.

రోడ్డు మీద లెక్క వేరు. లోటస్ ఎగ్జీజ్‌లోని 1.8 లీటర్ల టొయోటా ఇంజన్ పంపు లేకుండానే దాదాపు 190 హార్స్‌పవర్ ఇచ్చేది. అంతగా పిండేసిన ఇంజన్‌లో క్యామ్‌షాఫ్ట్ మార్చి, పోర్టులు చెక్కినా దక్కేది కొంచెమే, ఖర్చు మాత్రం బోలెడు. పైగా ఆ బలం ఇంజన్ నిమిషానికి ఆరువేల చుట్లు దాటాకే బయటపడేది. కాబట్టి లోటస్ 2006 నాటి ఎగ్జీజ్ ఎస్‌కు సూపర్‌చార్జర్ బిగించి 218కి చేర్చింది. కుక్కిన గాలి వేడెక్కుతుంది. దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కు కారు పైకప్పు మీది స్కూప్ నుంచి గాలి అందించింది. 2008లో వచ్చిన ఎలీజ్ ఎస్‌సీలో చిన్న పంపు వాడి, ఇంటర్‌కూలర్ లేకుండానే అదే 218 రాబట్టింది.