పరవూరు తీర్పు: ఓటింగ్ యంత్రం, చట్టాధికారం

భారతదేశంలో ఓటింగ్ యంత్రంపై తొలి న్యాయవివాదం ఒక పదం అర్థం మీద నడిచింది. హైదరాబాదులోని ఈసీఐఎల్ 1979లో నమూనా రూపొందించగా, 1982 మే 19న కేరళలోని పరవూరు శాసనసభ ఎన్నికలో 84 పోలింగ్ కేంద్రాలకుగాను 50 చోట్ల ఎన్నికల సంఘం యంత్రాలను ప్రయోగించింది. దీనిని ముందుగానే హైకోర్టులో ప్రశ్నించిన సి.పి.ఐ. అభ్యర్థి శివన్ పిళ్ళైకి ఊరట లభించలేదు. విచిత్రమేమంటే 123 ఓట్ల ఆధిక్యంతో గెలిచిందీ ఆయనే. ఓడిన కాంగ్రెస్ అభ్యర్థి ఎ.సి. జోస్ అదే అభ్యంతరాన్ని అందుకొని సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు.

1984 మార్చి 5 నాటి తీర్పును సాంకేతికతపై అపనమ్మకంగా చదవడం సరికాదు. అప్పటి చట్టం, నిబంధనలలో ‘బ్యాలట్’ అంటే కాగితపు బ్యాలట్ మాత్రమేనని, శాసనం స్పష్టంగా ఉన్నచోట 324వ అధికరణం కింద సంఘానికున్న పర్యవేక్షణాధికారం దానిని అతిక్రమించజాలదని జస్టిస్ ఫజల్ అలీ ధర్మాసనం నిర్ణయించింది. యంత్రం గుణదోషాలు ఇక్కడ అప్రధానం. ఆ 50 కేంద్రాలలో రీపోలింగ్ జరిగి జోస్ గెలుపొందారు.

ప్రజాప్రాతినిధ్య చట్టంలో చేర్చిన 61-ఎ సెక్షన్ 1989 మార్చి 15న అమలులోకి వచ్చింది. యంత్రాల భారీ తయారీ ఆ తర్వాతి మాట. అవి కూడా 1998 నవంబరులో 16 నియోజకవర్గాల ప్రయోగం దాకా ఎదురుచూడవలసి వచ్చింది.